చేతిమీట

ఊళ్లకి కరెంటు వాటాలు తెరుచుకునే వేళకి గాలిమరల చాలు నిండుగా తిరుగుతోంది. కొత్తరేవు శక్తి అధికారి హేమావతి శక్తిశాలలో చెప్పులు విప్పి, తడిగుడ్డతో తెర తుడిచి, ఊళ్ల వరస చూసింది. మళ్ళీ చంద్రపదరే పైన ఉంది. కొత్తరేవు దాని కింద.

"భరోసా అంకెల్లో మార్పు లేదు," అంది గోడలోంచి సమతూకి. కూటమి ఊళ్లన్నిటికీ కరెంటు పంచే యంత్రం అదే. ఏ ఊరు ఎంత నమ్మకంగా కరెంటు ఇస్తుందో చూసి భరోసా అంకె వేసి, దాన్నిబట్టి వాటా ఇస్తుంది.

"నేనడిగానా?" అంది హేమావతి.

బహుదా ఏటికి ఇవతల కొత్తరేవు ఆంధ్రా మున్సిపాలిటీ. అవతల చంద్రపదర్ ఒడిశాది. రెండు రాష్ట్రాల శాఖలూ ఏళ్ల తరబడి ఉత్తరాలు రాసుకుంటుంటే, విసిగిపోయిన ఈ రెండు ఊళ్లే ఏటి మీదుగా తీగ లాగుకున్నాయి. తర్వాత ఒక్కో ఊరూ చేరి, తీరం పొడుగునా కూటమి అయింది. బొగ్గు కరెంటు ఆగిపోయాక కూడా ఈ ఊళ్లలో దీపాలు వెలుగుతున్నాయంటే అందుకే. ఆ మొదటి తీగ ఆలోచన హేమావతిది. ఎండని ఇసుకలో వేడిగా దాచే ఇసుకగోలెం ఆలోచనా ఆమెదే. ఏటి ఒడ్డున టీ తాగుతూ మినతికి చెప్పింది. కొత్తరేవు కౌన్సిలు చర్చల్లో ఉండగానే చంద్రపదర్ శక్తి అధికారి మినతి బెహరా గోలెం కట్టేసింది.

చూడ్డానికి వచ్చేవాళ్లందరూ ఇప్పుడు ఏరు దాటి అటే పోతున్నారు. మినతి వాళ్లకి రెండు భాషల్లోనూ గలగలా చెబుతుంది. ప్రతి సభలోనూ "ఇది మా హేమక్క ఆలోచన" అని మరీ చెబుతుంది. ఆ మాట వింటే హేమావతికి ఒంటికి కారం రాసినట్టుండేది. దొంగిలించి ఉంటే హాయిగా తిట్టుకోవచ్చు. పేరు చెప్పి చప్పట్లు కొట్టిస్తుంటే ఏం చెయ్యాలి?

కాసేపటికి చైర్‌పర్సన్ అప్పలనరసమ్మ గుమ్మంలోంచే తెర వంక చూసి, "ఏటమ్మా హేమా, ఆ మినతికున్న సురుకు మనకి నేదేటి?" అనేసి వెళ్లింది. హేమావతి పళ్లు బిగపట్టి నవ్వింది.

కొన్నాళ్లుగా పడమటి దుమ్ముతెర కమ్మి ఎండవాటా సగానికి పడిపోయింది. వేడి మాత్రం తగ్గలేదు. గాలిలో తేమకి పట్టిన చెమట పట్టినట్టే ఉంటోంది. అలాంటి ఎండలో బయట తిరిగితే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే ప్రతి ఊళ్లోనూ ముసలివాళ్లూ పసిపిల్లల తల్లులూ పొద్దెక్కక ముందే కరెంటుతో చల్లబరిచే చల్లశాలలకి చేరుకుంటున్నారు.

హేమావతి అన్నం డబ్బా మూత తీస్తుండగా సమతూకి పలికింది.

"చంద్రపదర్ గోలెంలో ఆవిరి గొట్టం పగిలింది. నిల్వ శూన్యం. తనిఖీ పూర్తయ్యేదాకా ఆ ఊరి భరోసా, వాటా రద్దు. కొత్తరేవు మిగులు గాలివాటా దక్షిణాన గార్లపేటకి కేటాయించాను. కూటమి పెద్దరికం ఇకపై కొత్తరేవుది. అభినందనలు."

ఆమె గుండెలో ఏదో గంతేసింది. అది సంతోషమే. వరసలో తన ఊరు పైకి జరగడం కళ్లారా చూసి, ముద్ద నోట్లో పెట్టుకుంది. పెరుగన్నం అంత రుచిగా ఉండి చాన్నాళ్లయింది.

రెండో ముద్ద కలుపుతుండగా ఫోను మోగింది. మినతి.

"అక్కా, మా చల్లశాలలు ఆగిపోతాయి. బాటరీలు కాసేపే వస్తాయి. లోపల జనం కిక్కిరిసి ఉన్నారు. మీ మిగులు ఇప్పించండి."

"సమతూకి ఇవ్వదు కదా."

"తెలుసు. నేను మిమ్మల్ని అడుగుతున్నాను."

హేమావతి తెర వంక చూసింది. నోట్లోంచి ఆ మాట ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు.

"సభల్లో నా పేరెందుకు చెప్తావు మినతీ?"

అవతల పసిబిడ్డ ఏడుపు వినిపిస్తోంది.

"ఇప్పుడా అక్కా ఈ మాట?"

"చెప్పు."

"ఆరోజు మీరు ఇసుక సంగతి చెప్పాక నాకు నిద్ర పట్టలేదు. నాకెందుకు తట్టలేదా అని కుళ్లుకున్నాను. మీ పేరు చెప్పకపోతే, కొన్నాళ్లకి అది నాదేనని నేనే నమ్మేస్తానేమోనని భయం. చాలా?"

హేమావతి చెయ్యి కడుక్కుని పెరటి తలుపు తీసింది. వేడి మొహాన కొట్టింది.

ఒప్పందం రాసుకున్నప్పుడు ప్రతి ఊరికీ ఒక చేతిమీట మిగిల్చుకున్నారు. సమతూకిని పక్కకి నెట్టి కరెంటుని మనిషి చేత్తో మళ్లించేందుకు. బిగించినప్పట్నుంచీ దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. ముట్టుకున్న ఊరి భరోసా అంకె సున్నా అవుతుంది. ఇనుము పెనంలా కాలుతోంది. కొంగు చేతికి చుట్టుకుని లాగింది. కదల్లేదు. గోడకి కాలు తన్నిపెట్టి, బలమంతా కూడదీసుకుని మళ్ళీ లాగింది. కిర్రుమంటూ కిందికి దిగింది.

లోపలికి వచ్చేసరికి సమతూకి అడుగుతోంది. "బహుదా తీగ నా లెక్కలోంచి పోయింది. కారణం చెప్పండి. ప్రమాదమా, మరమ్మతా, పొరపాటా? పొరపాటైతే మీ అంకె తిరిగి వస్తుంది."

"పొరపాటు కాదు. ఆవిడ అడిగింది, నేనిచ్చాను."

"అలాంటి కారణం నా దగ్గర లేదు."

వరసలో కొత్తరేవు అట్టడుక్కి జారింది. ఫోనులో మినతి "వచ్చింది, వచ్చింది" అని ఒడియాలో ఎవరితోనో అరిచి, ఫోను పెట్టేసింది.

వెంటనే ఇంకో పిలుపు. గార్లపేట శక్తి అధికారి రుంకు సూరిబాబు.

"మా బోట్లకి ఛార్జింగాగిపోనాది. ఏటిది హేమమ్మా?"

తిట్లకి సిద్ధపడి ఆమె ఉన్నది ఉన్నట్టు చెప్పింది.

"ఓలమ్మా! బోట్లదేటుంది, ఈ ఎండకి ఎవుడు ఏటకెల్తాడు? ఆటి బాటరీలు సగం నిండే ఉన్నాయి. ఆ కరెంటు ఎనక్కి తీసి మినతమ్మకి పంపీగలం. సమతూకి కూడదంతంది. మా మీటేమో తుప్పట్టీసి కదలట్నేదు. నువ్వెలాగ తీసినావు?"

మళ్ళీ మినతమ్మకే. తన ఊరు అట్టడుగున పడితే ఆ మాటెత్తినవాడు లేడు. హేమావతి ఒక్క క్షణం ఫోను పెట్టేద్దామనుకుంది.

"కొబ్బరినూనె ఉందా?" అంది. "మీట మీద పొయ్యి. కాసేపు నాననిచ్చి, గోడకి కాలు తన్నిపెట్టి లాగు. చేతికి గుడ్డ చుట్టుకో, కాలిపోతుంది."

ఫోను చెవి దగ్గరే ఉంచుకుంది. అవతల సూరిబాబు ఒగరుస్తున్నాడు, ఎవర్నో సాయం రమ్మని పిలుస్తున్నాడు. తెర మీద గార్లపేట గీత వణికి, సమతూకి లెక్కలోంచి ఆరిపోయింది. సమతూకి కారణం అడగబోయి ఆగింది. ఇంకా దక్షిణాన, అక్కడా ఎవరో మీట లాగుతున్నట్టు, మరో ఊరి గీత కూడా వణకడం మొదలెట్టింది.