ఆపరేషన్ నల్ల సైకిల్

సామర్లకోట జంక్షన్‌లో రైలు దిగిన చిట్టియ్య గోలీసోడా సగం కూడా తాగలేదు. సీసా ప్లాట్‌ఫారం మీద దొర్లిపోయింది. మనిషి బెంచీ మీద పక్కకి ఒరిగిపోయాడు.

జనాన్ని తోసుకుంటూ ఉదయభాస్కర్ చేరుకునేసరికే అతని పెదవులు నీలంగా మారుతున్నాయి.

"చిట్టియ్యగారూ! నేను భాస్కర్‌ని. ఎవరండీ ఇది చేసింది?"

చిట్టియ్య కష్టం మీద కళ్ళు తెరిచాడు. "గొట్టాలు... సైకిల్ చేసేశారండి... నల్లది..."

అంతే. తల వాలిపోయింది.

సోడా బండి తలుపులమ్మ వణికిపోతోంది. "నాకేం తెలీదు బాబూ. సోడా కొన్నది ఒక తెల్లాయన. సైకిల్ పందేలకొచ్చినోళ్ళలో ఒకడు. ఈయన దగ్గరికెళ్ళి వచ్చీరాని తెలుగులో 'గెల పచ్చిదా, పండిందా' అని అడిగాడు. ఈయనేమో నవ్వి, 'రావులపాలెం గెలండి, రేపటికి పండుద్ది' అన్నాడు. తెలిసినోళ్ళే అనుకున్నాను. సీసా చేతికిచ్చి చక్కా పోయాడు."

ఉదయభాస్కర్ తలుపులమ్మ వైపు గిరుక్కున తిరిగాడు. ఆ ప్రశ్న చిట్టియ్యని అడగాల్సింది తను. అది ఆ ఉదయమే ఖాయం చేసుకున్న కోడ్ వర్డ్!

*

"చిట్టియ్య కాక, కోడ్ తెలిసింది ముగ్గురికే" అన్నాడు చీఫ్ భీమరాజు. రాజమండ్రి గోదావరి గట్టు మీద గెస్ట్‌హౌస్. ఎదురుగా నది మీద ఎండ తగ్గుతోంది. "నువ్వు, నేను, రెబెక్కా."

అది 2003 ఫిబ్రవరి. గోదావరి క్లాసిక్ అనే అంతర్జాతీయ సైకిల్ రేసు జిల్లాల్లో తిరుగుతోంది. లోకం దృష్టిలో ఉదయభాస్కర్ ఆ రేసులో సైకిళ్ళని తూకం వేసి తనిఖీ చేసే అధికారి. తెల్ల చొక్కా, మెళ్ళో బ్యాడ్జి, చేతిలో వైర్‌లెస్ హ్యాండ్‌సెట్. భీమరాజు తెల్ల టోపీ పెట్టుకుని కంట్రోల్ జీపులో కూర్చునే సలహాదారు. నిజానికి ఇద్దరూ ఢిల్లీలో బోర్డు లేని ఒక ఆఫీసు మనుషులు.

"హైదరాబాద్ దగ్గర మన రక్షణ ల్యాబ్‌లో కొత్త క్షిపణి కోసం కార్బన్ ఫైబర్ గొట్టాలు తయారుచేశారు. కొన్ని మాయమయ్యాయి. అక్కడి టెక్నీషియన్ చిట్టియ్యకి అవి ఎటు పోయాయో తెలుసు. నీకు తప్ప ఎవరికీ చెప్పనన్నాడు, వచ్చాడు, పోయాడు." భీమరాజు టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. "ఒక్క గొట్టం పరాయి దేశం చేతికి చిక్కితే చాలు. కోసి చూస్తారు. మన ఏళ్ళ కష్టం గుట్టు రట్టయిపోతుంది."

"గొట్టాల్ని సైకిల్‌గా బిగించారు సార్. టీమ్ ఎన్ని సైకిళ్ళు తెచ్చిందో అన్నీ తిరిగి తీసుకుపోతుంది. కస్టమ్స్ వాళ్ళు లెక్క చూస్తారు గానీ, దేంతో చేశారో చూడరు."

"ఏ టీమో తెలుసుగా?"

తెలుసు. ఆర్డెన్ నోవా. ఆఫీసు అనుమానం మొదటినుంచీ ఆ విదేశీ టీమ్ మీదే. మేనేజర్ వెర్‌బెక్. ప్రతి రైడర్ చెవిలో రేడియో, ప్రతి పెడల్‌కీ బలం కొలిచే మీటరు, గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందో కారులో ల్యాప్‌టాప్ మీద కనిపించే ఏర్పాటు. ఆ ల్యాప్‌టాప్ ముందు కూర్చునేది రెబెక్కా. కాకినాడ బాప్టిస్టు కుటుంబం పిల్ల. బెల్జియంలో స్పోర్ట్స్ సైన్స్ చదివింది. చెవులదాకా కత్తిరించిన జుట్టు, నల్ల కళ్ళద్దాలు, ఎవరినైనా రెండోసారి తిరిగి చూసేలా చేసే నడక.

"ఆవిడ మన మనిషేనా సార్?"

"మన మనిషని వాళ్ళకి తెలీదు. వాళ్ళ మనిషి కాదని నాకూ గ్యారంటీగా తెలీదు."

"మరి మీరో?"

భీమరాజు నవ్వలేదు. "మంచి ప్రశ్న. నన్ను కూడా ఓ కంట కనిపెట్టు. ఒకటి గుర్తుంచుకో. ఆధారం లేకుండా ఫారిన్ టీమ్ మీద చెయ్యి వేశావంటే, ఢిల్లీ నా మీద చెయ్యి వేస్తుంది."

*

చివరి రేసు పాలకొల్లు నుంచి కాకినాడకి. పొద్దున్నే క్షీరారామం గోపురం దగ్గర తూకం మొదలైంది. ఆరు కిలోల ఎనిమిది వందల గ్రాములకి తగ్గిన సైకిల్ రేసుకి పనికిరాదన్నది రూలు. ఆర్డెన్ నోవా సైకిళ్ళన్నీ సరిగ్గా తూగాయి. అన్నీ నల్లవే! చిట్టియ్య ప్రాణం పోతూ చెప్పిన గుర్తు ఎందుకూ కొరగాకుండా పోయింది. టీమ్ కారు పైన మరికొన్ని స్పేర్ సైకిళ్ళు బిగించి ఉన్నాయి. వాడితే తప్ప అవి తూకానికి రావు.

"మంచినీళ్ళు కావాలాండీ?" రెబెక్కా సీసా అందించింది.

ఉదయభాస్కర్ సీసా తీసుకున్నాడు గానీ మూత తియ్యలేదు. ఆమె అది గమనించింది.

"నిన్న జరిగింది నా వల్ల కాదండి" అంది పెదవులు పెద్దగా కదలకుండా. "మా కారులో ఉన్న రేడియో మీ అధికారుల ఛానెల్ కూడా వింటుంది. సంగతి నాకు రాత్రే తెలిసింది. నిన్న పొద్దున్న మీరు కోడ్ ఎక్కడ మాట్లాడుకున్నారు?"

అతను తన చేతిలోని హ్యాండ్‌సెట్ వైపు చూసుకున్నాడు. 'గెల పచ్చిదా, పండిందా... ఖాయమేనా సార్?' అని చీఫ్‌ని అడిగింది అందులోనే. చిట్టియ్య సామర్లకోటలో దిగుతున్నాడని చెప్పిందీ అందులోనే.

"మా టీమ్ ఛానెల్ తొమ్మిది. మీరూ వినచ్చు" అని ఆమె వెళ్ళిపోయింది.

నిజమా? లేక చీఫ్‌తో తనకున్న ఒక్క దారినీ మూయించే ఎత్తా? తెలుసుకోవడానికి ఒకటే మార్గం కనిపించింది.

జెండా ఊపారు. రంగురంగుల గుంపు మార్టేరు వైపు దూసుకుపోయింది. కానిస్టేబుల్ పెదబాబు మోటార్‌సైకిల్ నడుపుతుంటే వెనక కూర్చున్న ఉదయభాస్కర్, పెనుగొండ దాటాక హ్యాండ్‌సెట్ తీసి తన పాత ఛానెల్‌లోనే మాట్లాడాడు.

"సార్, గెల కారు పైనే ఉంది. రావులపాలెంలో కారు ఆపి పట్టుకుందాం."

పచ్చి అబద్ధం. అలాంటి ఏర్పాటేదీ లేదు. అవతల భీమరాజు ఒక్క క్షణం ఆగి, "సరే" అన్నాడు. ఆ క్షణం ఎందుకు ఆగాడో అని కూడా ఉదయభాస్కర్‌కి అనుమానమే.

సిద్ధాంతం వంతెన ఇంకా రాకముందే ఆర్డెన్ నోవా రైడర్ ఒకడు చెయ్యెత్తాడు. పంక్చర్ అన్నట్టు సైగ చేశాడు. టైరులో గాలి నిండుగా ఉంది! కారు ఆగింది. మెకానిక్ పైనుంచి ఒక నల్ల సైకిల్ దింపాడు. రైడర్ దానిమీదికి మారి వెళ్ళిపోయాడు.

రెబెక్కా చెప్పింది నిజం. చిట్టియ్యని చంపిన సమాచారం తన నోటినుంచే పోయింది. బాధపడే టైము కాదు.

"ఆ రైడర్ ఎవరు పెదబాబూ?"

"సాండ్రో అండి. అందరికీ నీళ్ళసీసాలు మోసే ముసలాయన. ముప్పయ్యారేళ్ళంట. ఒక్క రేసూ గెలవలేదంట."

వెర్‌బెక్ తెలివి అప్పుడు అర్థమైంది. గెలిచినవాడి సైకిల్‌ని తనిఖీకి స్వాధీనం చేసుకోవడం రూలు. మధ్యలో మానేసినవాడి సైకిల్‌ జోలికి ఎవరూ పోరు. ఎప్పుడూ గెలవని మనిషికే ఎక్కించాడు!

ఉదయభాస్కర్ తొమ్మిదో ఛానెల్ పెట్టాడు. కాసేపటికి వెర్‌బెక్ గొంతు ఇంగ్లీషులో వినిపించింది. "సాండ్రో, కాకినాడలో జగన్నాథపురం వంతెన దగ్గర రేసు వదిలెయ్. నీలం నంబరు ప్లేటు వ్యాను ఉంటుంది. సైకిల్‌తో సహా ఎక్కెయ్."

నీలం ప్లేటంటే దౌత్య వాహనం. ఒకసారి తలుపు పడితే పోలీసులు కూడా తెరవలేరు.

అయితే గౌతమి వంతెన దాటాక వెర్‌బెక్ లెక్కలో లేనిది ఒకటి జరిగింది. సాండ్రో గుంపులోంచి ముందుకొచ్చాడు. క్షిపణి కోసం చేసిన గొట్టాలు కదా! కాలి బలం ఇసుమంత కూడా వృథా పోవడం లేదు. మండపేట దగ్గర ముందున్న నలుగురినీ కలిశాడు. రామచంద్రపురంలో వాళ్ళనీ వదిలేశాడు.

"నెమ్మది, సాండ్రో!" వెర్‌బెక్ అరుస్తున్నాడు. "ఎవరి కోసం కొడుతున్నావ్? వెనక్కి రా!"

సాండ్రో ఇంకా బలంగా తొక్కాడు. వెనక్కి రాలేదు.

కాకినాడ పొలిమేర వచ్చింది. సాండ్రో వెనక టీమ్ కారు, దాని పక్కన మోటార్‌సైకిల్. దూరంగా వంతెన దిగువన తెల్ల వ్యాను, తెరిచిన తలుపు. సాండ్రో వేగం తగ్గింది. పదేళ్ళకి పైగా ఆజ్ఞలు వినడానికి అలవాటుపడ్డ చెవి. అతని చెయ్యి బ్రేకు మీదికి వెళ్ళింది.

ఉదయభాస్కర్ బటన్ నొక్కాడు. "సాండ్రో! నేను రేసు అధికారిని. నీ వెనక కనుచూపు మేరలో ఎవరూ లేరు. ఇవాళ గెలుపు గీత నీది. ఆగాలో వద్దో నువ్వే చూసుకో."

కారులో వెర్‌బెక్ ఉలిక్కిపడి మైకు అందుకున్నాడు. అదే సమయంలో వెనక సీట్లోంచి రెబెక్కా చెయ్యి ముందుకొచ్చింది. చేతిలో రైడర్లు తాగే గ్లూకోజు నీళ్ళ సీసా. సీసా బోర్లా పడింది. రేడియో సెట్టు మొత్తం తడిసిపోయి చిటపటలాడి ఆగిపోయింది.

"అయ్యో, సారీ!" అన్నట్టు ఆమె పెదవులు కదలడం అద్దంలోంచి కనిపించింది.

వ్యాను డ్రైవరు బండిని రోడ్డుకి అడ్డంగా తిప్పబోయాడు. "పోనివ్వు పెదబాబూ!" పెదబాబు మోటార్‌సైకిల్‌ని వ్యాను బంపరుకి ఆనించినంత పనిచేసి ఆపాడు. మిగిలిన సందులోంచి నల్ల సైకిల్ రివ్వున దూసుకుపోయింది. సాండ్రో చెయ్యి బ్రేకు మీద లేదు.

బీచ్ రోడ్డు మీద జనం ఈలలు వేస్తుండగా అతను రెండు చేతులూ ఆకాశానికెత్తి గీత దాటాడు. వాటిని ఎలా దించాలో తెలియనట్టు చాలాసేపు అలాగే ఉంచాడు.

ఉదయభాస్కర్ తన చేత్తోనే సైకిల్‌ని తూకానికి తగిలించాడు. రూలు చెప్పిన బరువు దరిదాపుల్లోకి కూడా ముల్లు పోలేదు.

"బరువు తక్కువ. స్వాధీనం చేసుకుంటున్నాం."

నీలం ప్లేటు వ్యానులోంచి దిగిన పెద్దమనిషి మండిపడ్డాడు. "ఇది మా దేశపు ఆస్తి! అంతర్జాతీయ సమస్య అవుతుంది!"

భీమరాజు తెల్ల టోపీ సవరించుకున్నాడు. "ఇది రూలండి. రాసింది కూడా మీ వైపువాళ్ళే. మేం పాటిస్తున్నాం, అంతే."

సాయంత్రానికి హైదరాబాద్ నుంచి వచ్చిన నిపుణులు గొట్టాల్ని గుర్తుపట్టారు. సోడా కొన్నది ఆర్డెన్ నోవా మెకానికేనని తలుపులమ్మ గుర్తుపట్టింది. వెర్‌బెక్ పోలీసు జీపెక్కాడు.

"నన్ను అనుమానించారు కదండీ?" రెబెక్కా కళ్ళద్దాలు తీసింది. కళ్ళు అలిసిపోయి ఉన్నాయి.

"అందరినీ అనుమానించానండి" అన్నాడు ఉదయభాస్కర్. "నన్ను తప్ప."

చిట్టియ్య ఇంటికి అతనితో పాటు తనూ వస్తానంది ఆమె.

వెళ్ళేముందు అతను సాండ్రో దగ్గరికి వెళ్ళాడు. ఇసుకలో కూర్చుని ఉన్నాడు. ఆ సైకిల్‌లో ఏముందో అతనికి తెలియదని విచారణలో తేలిపోయింది.

"నువ్వు డిస్‌క్వాలిఫై అయ్యావు. రికార్డులో నీ పేరుండదు. క్షమించు."

"గీత మొదట దాటింది ఎవరు?"

"నువ్వే."

సాండ్రో సముద్రం వైపు తిరిగాడు. "అది చాలు" అన్నాడు.

కప్పు మాత్రం రెండోవాడికి ఇచ్చారు. తన ముందు దూసుకుపోయిన ఆ నల్ల సైకిల్ నిజానికి దేంతో చేసిందో, చివరికి తనెలా మొదటివాడయ్యాడో అతనికి ఎవరూ చెప్పలేదు. చెప్పకూడదని ఢిల్లీ ఆర్డరు.