పద్నాలుగు మంది సినిమా

పిల్లలూ, ఇలా ముందుకి జరగండి. గోడకి ఆనుకున్నవాళ్ళు కూడా చాప మీదికి వచ్చేయండి, ఇది గొంతు చించుకుని చెప్పే కథ కాదు. ఇంకో పాతికేళ్ళకి జరగబోయే సంగతి. అప్పటికి మీరు మీ పిల్లల్ని బడికి పంపుతూ ఉంటారు. జరగబోయేదాన్ని జరిగినట్టే చెబుతాను, ఏమీ అనుకోకండి.

బొబ్బిలిలో ఒక పాత సినిమా హాలు. శనివారం మ్యాటినీ. మూడు వందల కుర్చీల్లో జనం పద్నాలుగు మందే. అందరూ ఇస్త్రీ బట్టలు వేసుకుని, కుర్చీ చేతుల మీద చేతులు ఆనించి, తనిఖీకి ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజు మీరు కూర్చుంటారే, అచ్చం అలా కూర్చున్నారు. వెనక వరసలో డాక్టర్ గౌసియా గారు. ఆవిడ ఒళ్ళో చిన్న పెట్టె. తెర మీద సినిమా నడుస్తోంది. పెట్టె మీద అంకె మాత్రం పదకొండు దగ్గర కదలకుండా ఉంది.

ఆ పెట్టె సంగతి ముందు చెప్పాలి. ఏదైనా నచ్చితే ఆ మాట మన నోటికంటే ముందు మన ఒళ్ళు చెప్పేస్తుంది. గుండె వేగం మారుతుంది, ఊపిరి ఒక్క క్షణం ఆగుతుంది, వేళ్ళ కొసల్లో చెమ్మ చేరుతుంది. గౌసియా గారు కుర్చీ చేతులకి పల్చటి సెన్సర్ పట్టీలు అతికించి, ఈ మార్పులన్నీ పెట్టెకి సిగ్నల్‌గా అందేలా చేశారు. లోపలి ప్రాసెసర్ లెక్కగట్టి సున్నా నుంచి వంద దాకా ఒక అంకె చూపిస్తుంది. ఆవిడ దానికి పెట్టుకున్న పేరు ఆనందమాపకం. జనం మాత్రం మార్కుల పెట్టె అనేవారు.

సినిమాలకి మార్కులెందుకంటారా? అప్పటికి సినిమాలు, పాటలు, నాటకాలు లక్షలకి లక్షలు సర్వర్లలో పేరుకుపోయాయి. ఆ సర్వర్లని చల్లగా ఉంచడానికి ఒక జిల్లాకి సరిపడా కరెంటు కావాలి. అందుకని వాటిని భద్రపరిచే బోర్డు ఒక నియమం పెట్టింది. గౌసియా గారి పెట్టెతో కొలిచి, ముప్ఫై అయిదు మార్కులు రాని సినిమాని చెరిపేయాలి. మీకు పాస్ మార్కులు ఎంతో వాటికీ అంతే.

ఆవేళ పరీక్షకి వచ్చిన సినిమా 'పాతాళానికి ఉత్తరం'. పాతాళరాజు పేరిట వచ్చిన ఒక ఉత్తరాన్ని పోస్ట్‌మాన్ సైకిల్ మీద తీసుకెళ్ళి ఇవ్వడం కథ. విడుదలైనప్పుడు నాలుగు రోజులు ఆడిందట. హీరోయిన్ ఆకుపచ్చ చీరలో గదిలోకి వెళ్ళి ఎర్రచీరలో బయటికి వస్తుంది. పాతాళం కప్పుకి ఫ్యాన్ తిరుగుతూ ఉంటుంది. పాతాళరాజు మూడుసార్లు నవ్వుతాడు, మూడోసారికి ఒకవైపు మీసం ఊడి వేలాడుతుంది. ఆయన దాన్ని బొటనవేలితో నొక్కిపెట్టి డైలాగు పూర్తి చేస్తాడు.

ఆ పాతాళరాజు అసలు ఒక బస్సు కండక్టరు. సినిమావాళ్ళు ఆయన బస్సెక్కి, గొంతు విని తీసుకుపోయారు. ఆ తరవాత మళ్ళీ నటించలేదు. కూతురు పైడితల్లికి నాలుగేళ్ళప్పుడు పోయాడు. ఆమెకిప్పుడు అరవై దగ్గర పడుతోంది. తండ్రి ఎలా నడిచేవాడో, ఎలా మాట్లాడేవాడో ఆమెకి తెలిసింది ఈ సినిమాలోనే. బోర్డు దగ్గర తప్ప దీనికి ఇంకో కాపీ లేదు, హాల్లో ఆడేదీ ఆ సర్వర్ల నుంచే. ఆవేళ పోతే ఇక పోయినట్టే.

ఇరవై ఏళ్ళుగా ప్రతి శనివారం ఈ పద్నాలుగు మందీ ఈ సినిమాకి వస్తున్నారు. ఊరికే చూడరు. చీర మారగానే "దర్జీ లోపలే ఉన్నాడర్రా" అంటారు. పాతాళంలో కరెంటు పోకూడదని మొక్కుతారు. రాజు రెండోసారి నవ్వగానే అందరూ లేచి "మీసం జాగ్రత్త దొరా" అని అరుస్తారు. ఆయన ఏనాడూ వినిపించుకోలేదనుకోండి.

మరి ఆవేళ అంత నిశ్శబ్దం ఎందుకంటే, ప్రొజెక్టర్ నడిపే సన్యాసినాయుడు రెండు రోజుల ముందు అందరినీ పిలిచి హెచ్చరించాడు. పెద్ద ఆఫీసు మేడం వస్తున్నారు, మనం కేకలు పెడితే సినిమాని వెక్కిరిస్తున్నామనుకుంటారు, అప్పుడు కచ్చితంగా చెరిపేస్తారు, కాబట్టి మర్యాదగా కూర్చోండని. సబబేనని అందరూ ఒప్పుకున్నారు.

చీర మారింది. ఎవరూ నోరు మెదపలేదు. ఫ్యాన్ తిరిగింది. ఎవరో దగ్గి, ఆ దగ్గుకి కూడా సిగ్గుపడ్డారు. పదకొండు. గౌసియా గారు కాగితం తీసి ఆ అంకె వేయడానికి సిద్ధమయ్యారు.

పాతాళరాజు వచ్చాడు. ఒకసారి నవ్వాడు. రెండోసారి నవ్వాడు. పైడితల్లి అటూ ఇటూ చూసింది. అందరూ పరామర్శకి వచ్చినవాళ్ళలా తలలు వంచుకుని ఉన్నారు. తండ్రి రెండోసారి చనిపోతున్నట్టనిపించిందట ఆమెకి. లేచి నిలబడింది.

"మీసం జాగ్రత్త, నాన్నా!"

అన్నేళ్ళూ అందరితో పాటు దొరా అనే పిలిచిన మనిషి. నాన్నా అన్న పిలుపు ఆమె నోట రావడం అంతకుముందు ఎవరూ వినలేదు. మీసం ఊడింది. ప్రొజెక్టర్ గదిలోంచి నాయుడు ముందుగా పక్కున నవ్వాడు. ఇక పద్నాలుగు మందినీ ఆపేవాళ్ళు లేరు.

పెట్టె మీద అంకె నలభై దాటింది, డెబ్భై దాటింది, తొంభై ఆరు దగ్గర నిలిచింది. సర్క్యూట్ ఏదో కలిసిపోయిందనుకుని గౌసియా గారు పట్టీలన్నీ పరీక్షించి చూశారు. అన్నీ బాగానే ఉన్నాయి.

సినిమా అయ్యాక పైడితల్లి కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ వచ్చింది. "ఏటి మేడం గారూ, మా నాన్న పాసయ్యాడా?"

"ఫస్ట్ క్లాసులో పాసయ్యారమ్మా. కానీ నాకొకటి అర్థం కావడం లేదు. ఇది మంచి సినిమా కాదని మీకూ తెలుసు కదా. మరి ప్రతి వారం ఎందుకొస్తారు?"

"మంచి సినిమాకి మనతో పనేటుంది మేడం గారూ? దానంతటది ఆడేస్తాది. దీనికైతే మేం ఉండాల" అంది పైడితల్లి.

గౌసియా గారు ఆ మాట రాసుకున్నారు. అయితే బోర్డుకి అంకె కనబడింది గానీ మాట కనబడలేదు. రాష్ట్రంలో ఏ సినిమాకీ తొంభై ఆరు రాలేదు. వెంటనే రెండు వందల హాళ్ళలో వేయించారు. జనం ఎక్కడ ఏమని అరవాలో తెర మీద అక్షరాలు వేశారు.

బొబ్బిలి హాలు నిండిపోయింది. పైడితల్లికే టిక్కెట్టు దొరకలేదు. బయట గోడ పక్కన నిలబడి, లోపల మూడు వందల మంది తన తండ్రిని హెచ్చరించడం విన్నది. "మీ నాన్న పెద్ద హీరో అయిపోయాడు వదినా, ఇంక మనల్ని గుర్తుపట్టడు" అని నాయుడు ఆటపట్టించాడు. చెరిపేయరు కదా, అది చాలని ఆమె నవ్వేసింది. నిజంగానే చాలు. కానీ శనివారం వస్తే పద్నాలుగు మందికీ ఎక్కడికి వెళ్ళాలో తోచేది కాదు.

నాలుగు నెలలకి గౌసియా గారే వెతుక్కుంటూ వచ్చారు. అన్ని ఊళ్ళలోనూ మార్కులు పడిపోతున్నాయట. అరవమన్నచోట అందరూ అరుస్తున్నారు, ఒక్కరి గుండె కూడా కదలడం లేదు. లోపం యంత్రంలో ఉందా, మనుషుల్లో ఉందా అని అడిగారు. "మీ పెట్టె అన్నిటికంటే తక్కువ మార్కులేసిందేటుందో, అది తెండి. మా శనివారాలు ఖాళీ" అంది పైడితల్లి.

తెచ్చారు. మూడే మార్కులు వచ్చిన సినిమా అది. వరిలో కాండం తొలిచే పురుగు గురించి గంటన్నర పాఠం. చెరిపేయడానికి ఇంకా వారమే ఉంది. శనివారం పొద్దున్న హాల్లో పద్నాలుగు మందీ, గౌసియా గారూ. తెర మీద ఒకాయన కర్రతో పురుగుని చూపిస్తున్నాడు. వెనక ఒక రైతుని తల ఊపమని నిలబెట్టారు. ఆయన దేనికైనా ఊపుతున్నాడు. మీ పొలంలో పురుగుందా అంటే ఊపాడు, లేదా అన్నా ఊపాడు. పావుగంటకి నాయుడు ఆ ఊపులు లెక్కపెట్టడం మొదలెట్టాడు. అరగంటకి హాల్లో అందరి తలలూ ఆ రైతుతో పాటే ఊగుతున్నాయి.

ఎవరో కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వుతున్నారు. ఎవరా అని చూస్తే ఆ నవ్వు తనదేనని గౌసియా గారికి తెలిసింది. ఒళ్ళో పెట్టె ఎనభై దాటుతోంది. ఆవిడ అటూ ఇటూ చూసి, మెల్లిగా దాన్ని ఆపేశారు.

సాయంత్రం రిపోర్టు రాయాలి. మూడని రాస్తే చెరిపేస్తారు. ఎనభై అని రాస్తే ఊరూరా పంపిస్తారు. పన్నెండేళ్ళు కష్టపడి అబద్ధం చెప్పని యంత్రాన్ని తయారుచేసిన ఆ మనిషి, పెన్ను తీసి తన చేత్తో ముప్ఫై ఆరు అని వేసి సంతకం చేశారు.

ఆవిడ చేసింది తప్పా ఒప్పా అని నన్నడగకండి, నేనూ పేపర్లు దిద్దేవాణ్ణే. ఇక లేవండి. పొయ్యి మీద అన్నం ఉడికిపోయి ఉంటుంది, మీ అమ్మలు వెతుక్కుంటూ వచ్చేలోగా ఇళ్ళకి వెళ్ళి కాళ్ళు కడుక్కుని కంచాల ముందు కూర్చోండి.