ట్యాగ్ తియ్యని జాకెట్

కనాటా ఊళ్ళో ఒక శిల్పాల ఎగ్జిబిషన్ హాల్లోకి అడుగుపెడుతూనే హేమచంద్ర, తడిసిన జాకెట్ విప్పి ఎదురుగా ఉన్న స్టాండుకి తగిలించాడు.

"అది స్టాండు కాదండీ, శిల్పం," అంది వెనక నుంచి ఒకమ్మాయి. చేసింది ఆమే. పేరు నిఖిల. ఒకే ఒక్క స్టీలు రేకుని కోసి, వంచి నిలబెట్టింది.

"సారీ అండీ. దేనికి పనికొస్తుందది?"

"చూడ్డానికి."

"అంతేనా?" హేమచంద్రకి జాలేసింది. వాళ్ళింట్లో షోకేసులో గాజు ఏనుగు కూడా ఊరికే ఉండదు, కడుపులో గుండుసూదులు దాస్తుంది.

ఆమె జాకెట్ తీసిచ్చింది. "ట్యాగ్ తియ్యడం మర్చిపోయారు."

"కావాలనే ఉంచా. నచ్చకపోతే రిటర్న్ చెయ్యొచ్చని."

"ఎప్పుడు కొన్నారు?"

"పోయిన వింటర్‌లో."

నిఖిల పకపకా నవ్వింది. ఆ నవ్వు కోసం అతను ప్రతి శనివారం ఆమె శిల్పాలు చేసుకునే గరాజ్‌కి రేకులు పట్టుకోడానికి వెళ్ళడం మొదలుపెట్టాడు.

"ముందు అట్టతో ఎందుకు చేస్తావు?" అనడిగాడు ఓసారి.

"అట్ట తప్పితే పారేస్తా. స్టీలు ఒకసారి కోస్తే కోసినట్టే."

సోఫాకీ, రిమోట్‌కీ ఇంకా ప్లాస్టిక్ కవర్ తియ్యని హేమచంద్ర, పట్టుకున్న రేకు వదిలేసి రెండడుగులు వెనక్కి వేశాడు.

మంచు కరిగే రోజుల్లో నిఖిల అంది, "ఎక్కడో దూరాన సస్కటూన్ ఊళ్ళో ఒక స్టూడియోకి ఏడాది పాటు రమ్మంటున్నారు. మరి మన సంగతేంటి చందూ?"

"వెళ్ళిరా. ఈలోగా ఇద్దరం ఆలోచించుకుందాం. సెట్ కాకపోతే..."

"రిటర్న్ చేస్తావా?" గ్లవ్స్ విసిరికొట్టింది. "నేను ఆదివారం వెళ్తున్నా. నువ్వు ఆలోచించుకుంటూ ఉండు."

ఆదివారం వాన. కారులో సామాను సర్దుతున్న నిఖిల ముందు హేమచంద్ర తడిసి నిలబడ్డాడు.

"నీ కత్తెర ఓసారి ఇవ్వు."

"రేకులు కోసేదా? ఎందుకు?"

అతను మెడ వెనక్కి చెయ్యి పెట్టి జాకెట్ ట్యాగ్ కోసేశాడు. దాంతోపాటు కాలర్ ముక్క కూడా వచ్చేసింది.

"కాలర్ పోయింది చందూ!"

"పోనీ. ఇంక ఇది నాదే. నిఖిలా, నన్ను పెళ్ళి చేసుకుంటావా? సెట్ అవుతామో లేదో తర్వాత చూసుకుందాం."

"సస్కటూన్ మాత్రం వెళ్తాను."

"వెళ్ళు. వచ్చే నెల నేనే వస్తా. ఫ్లైట్ టికెట్ కూడా కొనేశా."

"రద్దు చేసుకోడానికి వీలున్నదేగా?"

హేమచంద్ర తల అడ్డంగా ఊపాడు. "నాన్ రిఫండబుల్."

నిఖిల కళ్ళు చెమర్చాయి. అతన్ని గరాజ్‌లోకి లాక్కెళ్ళి, జాకెట్ విప్పి, ఆనాటి ఎగ్జిబిషన్ శిల్పానికే తగిలించింది.

"అది స్టాండు కాదన్నావుగా?"

"ఇవాళ్టికి స్టాండే. తల తుడుచుకో, మా నాన్నకి వీడియో కాల్ చేద్దాం."