ఓ చెయ్యి వెయ్యన్నా

కొండను నిలువునా కోసి పట్టాలు వేసిన చోటును రైల్వేవాళ్ళు కటింగ్ అంటారు. అక్కడి పాత రాతిగోడకు కాపలా ఉండే పెద్దాయనను తోటివాళ్ళు గోడ డాక్టరు అని ఆటపట్టించేవాళ్ళు. అందులో అబద్ధమేమీ లేదు. కొండలో ఇంకిన నీళ్ళు బయటికి పోవడానికి గోడ నిండా కన్నాలు వదిలారు. వానలో అవి కారుతుంటే గోడ ఆరోగ్యంగా ఉన్నట్టు. ఆగిపోతే నీళ్ళు లోపలే నిలిచి కొండ బరువెక్కుతున్నట్టు. అప్పుడు డాక్టరు ఇనుప చువ్వ దూర్చి అడ్డుపడ్డ మట్టిని పొడిచి తీస్తాడు.

ఆ రోజు ఆయన కాళ్ళు నేల మీద ఆగడం లేదు. సాయంత్రం బండిలో కూతురు వస్తోంది, నెలల బిడ్డతో. మనవరాలి ముఖం ఆయనింకా చూడలేదు. పొద్దున్నుంచి కనిపించినవాడినల్లా ఆపి అదే పాట పాడుతున్నాడు.

మధ్యాహ్నం దాటాక వాన కుండపోతగా పట్టుకుంది. మబ్బుకి పగలే చీకటి పడింది. తడిమట్టి వాసన, నాచు వాసన... వాటి అడుగున ఇంకేదో వాసన, ఏళ్ళ తరబడి మూసి ఉంచిన పెట్టె తెరిచినట్టు. గోడవారన నడుస్తూ ఆయన ఆగిపోయాడు. వాన చప్పుడుంది. కన్నాల చప్పుడు లేదు. టార్చి వేసి చూశాడు.

ఒక్క కన్నమూ కారడం లేదు.

బండి వచ్చే వేళయింది. దగ్గరున్న కన్నంలోకి చువ్వ దూర్చాడు. మెత్తగా తగిలింది. మట్టి అలా తగలదు. బలంగా పొడిచాడు.

లోపల ఎవరో చువ్వ పట్టుకున్నారు.

లాగాడు... రాలేదు. ఇంకా లాగాడు...

"పొడవకు," కన్నంలోంచి గుసగుస. "నొప్పి."

"ఎ... ఎవరది?"

"పట్టుకునే ఉన్నాం... జారిపోతోంది..."

తాతల నాడు ఇక్కడ కొండ విరిగిపడి పట్టాలు వేసే కూలీల ముఠా మొత్తం మట్టిలో కలిసిపోయిందనీ, వాళ్ళను తవ్వి తీయకుండానే గోడ కట్టేశారనీ ఆయన విన్నాడు. పని ఎగ్గొట్టేవాళ్ళు అల్లిన కథలని నవ్వేవాడు. ఇప్పుడు నవ్వు రాలేదు.

మలుపు అవతల బండి కూత వేసింది. ఎర్రజెండా తీసి పరుగెత్తినా ఇంత దగ్గర్లో అది ఆగదు. పైన ఎక్కడో ఒక రాయి కిర్రుమంది. కూతురు... పసిబిడ్డ...

"ఒక మనిషి తక్కువయ్యాడు," అంది ఆ గొంతు. "ఓ చెయ్యి వెయ్యన్నా."

పట్టాలు మోసే ముఠాల్లో ఆ మాటకు జవాబు ఒక్కటే. అడిగింది ఎవరని కూడా చూడరు. ఆలోచిస్తూ నిలబడితే ఎవరి కాలి మీదో పట్టా పడుతుంది. వయసులో ఉండగా అబ్బిన అలవాటు, ఆయన ప్రమేయం లేకుండానే నోట్లోంచి తన్నుకొచ్చింది.

"వస్తున్నా!"

లోపలి పట్టు వదిలింది. ఆ ఊపుకి ఆయన వెల్లకిలా పక్క కాలువలో పడ్డాడు. బండి దడదడలాడుతూ పక్కనుంచే పోయింది. కళ్ళు గట్టిగా మూసుకుని పడి ఉన్నాడు. గోడ నిలిచింది. చివరి పెట్టె దాటిపోగానే కన్నాలన్నీ ఒక్కసారిగా కారడం మొదలుపెట్టాయి.

స్టేషనుకు ఫోన్ చేసి వెనకొచ్చే బళ్ళు ఆపించాడు. బదులు మనిషి రాగానే ఇంటికి పరుగెత్తాడు. కూతురు గుమ్మంలోనే ఉంది. ఆమెను క్షేమంగా చూసేసరికి ఆయనకు ఏడుపొచ్చింది.

"ఆ వానలో అంతమందీ ఏం చేస్తున్నారు నాన్నా అక్కడ?" అంది కూతురు. "ఒళ్ళంతా మట్టి. చేతులు గోడకానించి వరసగా నిలబడ్డారు."

"నేను కాలువలో పడి ఉన్నానమ్మా."

"ఊరుకో నాన్నా! చివర్న ఉంది నువ్వేగా. కిటికీలోంచి పాపను ఎత్తి చూపించా. వాళ్ళంతా తల తిప్పి చూశారు. పిలుస్తున్నా నువ్వొక్కడివే తిరగలేదు."

నిష్ఠూరంగా అని, పాపను తండ్రి చేతుల్లో పెట్టింది.

పాప నవ్వింది. ఆయనకు బరువే తెలియలేదు. అప్పటికే ఇంకేదో మోస్తున్నట్టు చేతులు రెండూ వణుకుతున్నాయి.