మా అమ్మని మంచిదాన్ని చేసిన సినిమా

ఆ ఇంట్లో తెల్లారిందనడానికి గుర్తు కుట్టుమిషను చప్పుడు. వీధి వైపు గదే కొట్టు, కొట్టే గది. టైలరమ్మ నోట్లో నాలుగు గుండుసూదులు పెట్టుకుని ఎవరిదో కోటు అంచు మడుస్తుంటే, మందుల షాపులో పనిచేసే కూతురు పక్కనే స్టూలు మీద కూర్చుని, ఒక చేత్తో టీ గ్లాసు, ఒక చేత్తో ఫోను పట్టుకుని సినిమా మీద జనాభిప్రాయాలు చదువుతోంది.

"ఇది విను అమ్మా. ‘ఇంటర్వెల్ దాకా కునుకు తీశాను, తర్వాత కళ్లు తుడుచుకోవడమే సరిపోయింది.’ ఇంకొకాయనట, ‘పుస్తకంలో కారు నల్లది, సినిమాలో తెల్లది. దర్శకుడు క్షమాపణ చెప్పాలి.’"

"మనిషి చచ్చాడు కదే అందులో! కారు రంగు చూసుకుంటూ కూర్చున్నాడా?" అంది టైలరమ్మ సూదుల మధ్యలోంచే.

కూతురు నవ్వింది. "ఇదైతే అదిరింది. ‘వంటావిడ పాత్ర చూసి మా ఆవిడ మూడు రుమాళ్లు తడిపింది. అలాంటి దేవతని జైల్లో పెట్టారా!’ దేవతటమ్మా అమ్మమ్మ!"

ఆ వంటావిడ టైలరమ్మని కన్నతల్లి. ఎప్పుడో టైలరమ్మ, ఆవిడ అన్నయ్య చిన్నపిల్లలుగా ఉన్నప్పుడు ఈ ఊళ్లోనే మిల్లు యజమాని తిండిలో విషం పడి చనిపోయాడు. వంటావిడ నేరం ఒప్పుకుంది, జైలుకెళ్లింది, జుట్టంతా నెరిశాక తిరిగొచ్చింది. ఆ కేసు మీద ఎవరో పుస్తకం రాశారు, ఆ పుస్తకాన్ని ఇప్పుడు సినిమా తీశారు. అందులో విషం పెట్టింది యజమాని కారు డ్రైవరట. అతని మీద ప్రేమతో వంటావిడ నేరం తన నెత్తిన వేసుకుందట. ఇన్నాళ్లూ ‘హంతకురాలి కొంప’ అని గొణిగిన వీధే ఇప్పుడు పనిగట్టుకుని ఆగి పలకరిస్తోంది. కోటు ఇచ్చిపోయిన పెద్దమనిషి అయితే చేతులెత్తి దణ్ణం పెట్టబోయాడు.

టైలరమ్మ ఇంకా సినిమా చూడలేదు. కథ ఇలా ఉందని కూతురు చెప్పినప్పుడు మాత్రం ఆవిడ కాలు పెడలు మీదే ఆగిపోయింది. సినిమా అంటే అంతేలే, వాళ్లిష్టం వచ్చినట్టు అల్లుకుంటారు అని సరిపెట్టుకుంది. ఇవాళ ఉదయం ఆటకి ఆవిడ అన్నయ్య టిక్కెట్లు కొన్నాడు.

"రొట్టె తేలేదేమే?" అని అడిగింది.

కూతురి మొహం వాడిపోయింది. "బేకరీ మూసేసి ఉందమ్మా. షట్టరు మీద ఎవరో ఎర్ర రంగుతో ‘విషం రొట్టెలు’ అని రాసిపోయారు. బాబాయి లోపలే ఉన్నాడు, పిలిస్తే పలకలేదు."

బేకరీ బాబాయి ఆ డ్రైవరు కొడుకు. టైలరమ్మ సూదులన్నీ ఒక్కొక్కటీ నోట్లోంచి తీసి మిషను మీది చిన్న దిండులో గుచ్చింది.

*

హాలు కిటకిటలాడుతోంది. రిటైరైన హెడ్మాస్టరు, ఊరందరికీ మాస్టారు అయిన అన్నయ్య, ఇస్త్రీ నలగని చొక్కాలో పెళ్లికొడుకులా కూర్చున్నాడు. లైట్లు ఆరాయి. తెర మీద సన్నగా, తెల్లగా ఉన్న ఒకమ్మాయి వంటగదిలో తిరుగుతోంది. మా అమ్మకి ఇంత నడుం ఎప్పుడుంది అనుకుని టైలరమ్మ నవ్వుకుంది.

ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. తెర మీది అమ్మాయి సామాన్లగది తాళంచెవిని జడ చివర ముడేసుకుంది. కొంగున దోపితే పనిలో జారిపోతుందని ఆ పని చేసే మనిషి లోకంలో ఒక్కతే ఉండేది. ఫొటోల్లో కూడా లేని సంగతి అది. ఇంట్లో ఇద్దరు పిల్లలకి తప్ప ఇంకెవరికీ తెలియదు. ఆ ఇద్దరిలో ఒకరు టైలరమ్మ.

ఆవిడ పక్కకి తిరిగి చూసింది. మాస్టారు తెర మీంచి కళ్లు తిప్పలేదు.

ఆ తర్వాత సినిమా ఆవిడకి ఎక్కలేదు. డ్రైవరు కోర్టు బయట చెట్టుచాటున నిలబడి, వంటావిణ్ణి వ్యానెక్కిస్తుంటే సిగరెట్టు కాలుస్తాడు. హాలంతా ‘ఛీ’ అంది. వెనక వరసలో ఎవడో పళ్లు నూరాడు. టైలరమ్మకి ఒళ్లు మండిపోయింది. అమ్మ జైల్లో ఉన్నన్నాళ్లూ నెలనెలా ఆ డ్రైవరే అన్నయ్యని సైకిలు వెనకా, తనని ముందు కడ్డీ మీదా కూర్చోబెట్టుకుని జైలు గేటు దాకా తొక్కుకుంటూ తీసుకెళ్లేవాడు. ఎండైనా వానైనా ఒక్కసారీ మానలేదు.

బయట మైకు పట్టుకున్న అమ్మాయి ఒకటే అరుపు. "పబ్లిక్ టాక్, పబ్లిక్ టాక్! సినిమా ఎలా ఉందండీ?" మాస్టారు ఆ అమ్మాయి దగ్గరికి నడిచి, గొంతు సవరించుకుని, "అందులో ఉన్నావిడ మా అమ్మగారు. ఇన్నాళ్లకి నిజం గెలిచింది" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. ఒకావిడ ఆయన చేతులు పట్టుకుని ఏడ్చింది.

టైలరమ్మ చప్పట్లు కొట్టలేదు.

*

ఇంటికొచ్చి గుమ్మం దాటగానే తలుపు దగ్గరికేసింది.

"జడ ముడి సంగతి వాళ్లకెవరు చెప్పారన్నయ్యా?"

మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "పుస్తకం రాసినాయన మా ఇంటికొచ్చాడే, ఎప్పుడో. అమ్మ గురించి మర్యాదగా అడిగినవాడు మొదటిసారి అతనే. ఉన్నవన్నీ చెప్పాను. జడ సంగతి, పాటలు, మనకి అన్నాలు కలిపి పెట్టడం… వింటూ వింటూ, ‘మీ అమ్మగారు నిర్దోషి అయ్యుండచ్చా’ అన్నాడు. ఆ మాట అంతకుముందు నన్నెవరూ అడగలేదు. కాదనడానికి నోరు రాలేదు. అవునన్నాను."

"మరి ఎవరు చేశారని అడగలేదా?"

"అడిగాడు."

కూతురు మేనమామ మొహంలోకి చూస్తూ ఉండిపోయింది.

"ఎవరో ఒకరి పేరు చెప్పాలిగా!" అన్నాడు మాస్టారు, గొంతు పెంచి. "డ్రైవరు అప్పటికే పోయాడు. పోయినవాడికి కొత్తగా వచ్చే నష్టమేముందనుకున్నాను."

"అమ్మ కూడా పోయింది. ఆవిడకి కొత్తగా వచ్చిన లాభమేంటి?"

"లాభం నాకే! ఒప్పుకుంటున్నాను, సరేనా? స్కూల్లో నా పేరు ఎవడైనా పలికాడా? ‘విషంగాడు’ అనేవాళ్లు. నేను మాస్టర్నయ్యాక కూడా, నేను తాకిన నీళ్ల కుండ వంక పక్క మాస్టర్లు వింతగా చూసేవాళ్లు. నువ్వు ఆడపిల్లవి, ఇంట్లో మిషను ముందు కూర్చున్నావు. బయట మెడ వంచుకు నడిచింది నేను."

"ఇంట్లో కూర్చున్నానా! నాకు సంబంధాలు రాక, వచ్చినవాళ్లు కాఫీ ముట్టుకోక లేచిపోయింది మర్చిపోయావా? నేనెవరి మీదకి నెట్టాను?" టైలరమ్మ గొంతు తగ్గించలేదు. "అమ్మ జైలు నుంచి వచ్చాక ఇదే గదిలో నాతో చెప్పింది. ఆ ఇంట్లో అంట్లు తోమే పిల్ల ఉండేది, ఈడు కూడా రాని పిల్ల. ఆ యజమాని దాన్ని బతకనివ్వలేదు. అమ్మ వాడి భార్యకి చెప్పింది, పోలీసులకి చెప్పింది, అందరూ నవ్వి పొమ్మన్నారు. అప్పుడు చేసింది. ‘నేనే కలిపాను, తప్పే, శిక్ష పడింది, అనుభవించాను. ఆ పిల్ల బతికుంది. నిన్నెవరైనా అడిగితే దాచకు’ అంది. ఇప్పుడు దాన్ని ప్రేమకథ చేశారు! ఎవడి కోసమో జైలుకెళ్లిన వెర్రిబాగులదట మన అమ్మ!"

"అమ్మా," అంది కూతురు మెల్లగా, "ఇన్నాళ్లకి జనం మంచిగా అనుకుంటున్నారు. ఇప్పుడు నువ్వు కాదంటే మళ్లీ మొదటికొస్తుంది. షాపులో నన్ను కూడా…"

"వస్తుందే. రానీ. మన బరువు మనం మోద్దాం. ఆ బేకరీ వాడేం పాపం చేశాడు? వాళ్ల నాన్న సైకిలెక్కి పెరిగిన పిల్లలం మేము. ఆ కొట్టు రొట్టె తిని పెరిగినదానివి నువ్వు."

మాస్టారు కుర్చీలోంచి లేచాడు. "నువ్వు బయటికెళ్లి ఈ మాట అన్నావంటే, నాకు చెల్లెలు లేదనుకుంటాను."

"నీ ఇష్టం. నాకు మాత్రం అమ్మ ఉంది" అని ఆవిడ చెప్పుల్లో కాళ్లు దూర్చింది.

*

దారిలో బేకరీ వెనక తలుపు కొట్టింది. బేకరీ బాబాయి పిండి చేతులతోనే తీశాడు. అమ్ముకునే దారి లేకపోయినా చేయి ఊరుకోక పిండి కలుపుతున్నాడు పాపం. సంగతంతా విని తల అడ్డంగా ఊపాడు.

"వద్దక్కా. మీ అమ్మ పేరు బాగుపడింది, అదే చాలు. నాలుగు రోజులు పోతే ఇంకో సినిమా వస్తుంది, జనం మమ్మల్ని మర్చిపోతారు."

"నీ మంచితనం నా దగ్గర చూపించకు, నాకు కోపమొస్తుంది" అంది టైలరమ్మ. "చేతులు కడుక్కుని నాతో రా."

మ్యాట్నీ వదిలే వేళకి హాలు ముందు మళ్లీ అదే అమ్మాయి, అదే మైకు. టైలరమ్మ బేకరీ బాబాయిని వెంటబెట్టుకుని జనాన్ని తోసుకుంటూ వెళ్లి ఎదురుగా నిలబడింది. వెనక ఆయాసపడుతూ కూతురు కూడా వచ్చేసింది. ఆపడానికొచ్చిందో తోడొచ్చిందో దానికే తెలియదు.

"సినిమా ఎలా ఉందమ్మా? ఒక్క ముక్కలో!"

"ఒక్క ముక్కలో చెప్పే సంగతి కాదమ్మాయ్. మధ్యలో ఆపకు. ఆ వంటావిడ కూతుర్ని నేను. ఆవిడ నిర్దోషి కాదు. విషం పెట్టింది ఆవిడే, ఎందుకు పెట్టిందో కోర్టులో చెప్తే ఎవరూ రాసుకోలేదు. ఎవడి ప్రేమా లేదు, ఎవడి కోసం జైలుకీ పోలేదు. చేసింది, ఒప్పుకుంది, అనుభవించింది. ఆ డ్రైవరు ఏ పాపమూ ఎరగడు. ఇదిగో, ఆయన కొడుకు. ఈయన కొట్టు మీద రాతలు రాసినవాళ్లెవరైనా ఉంటే, రంగు డబ్బా పట్టుకుని నా ఇంటికి రండి. నా గోడ ఖాళీగానే ఉంది!"

జనంలో కలకలం రేగింది. ఒకడు "అంతా పబ్లిసిటీ" అన్నాడు. ఇంకొకడు "మనమేమో ఏడ్చి చచ్చాం" అని విసుక్కున్నాడు. "ఈవిడ మాటకి సాక్ష్యం ఏంటి?" అన్నాడు మూడోవాడు. కూతురు వచ్చి తల్లి భుజం మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి అక్కణ్ణుంచి కదల్లేదు.

"సాక్ష్యం నేను."

అందరూ తిరిగారు. మాస్టారు. పొద్దున్నే మెరిసిన చొక్కా ఇప్పుడు చెమటకి వీపుకి అంటుకుపోయింది. మైకు అందుకున్నాడు.

"పుస్తకం రాసినాయనకి డ్రైవరు పేరు చెప్పింది నేనే. అది అబద్ధం. ఆయన నన్ను సైకిలు మీద ఎక్కించుకుని మా అమ్మ దగ్గరికి తీసుకెళ్లిన మనిషి." బేకరీ బాబాయి వైపు చూడబోయి చూడలేకపోయాడు. "నన్ను క్షమించు నాయనా."

వెనకనుంచి ఎవడో కేకేశాడు. "అయితే మీ అమ్మ హంతకురాలేగా మాస్టారూ!"

ఆ మాట వినబడకుండా ఉండాలనే ఆయన బతుకంతా గడిపాడు. ఆ మాటకి భయపడే ఇళ్లు మారాడు, దారులు మారాడు, చివరికి అబద్ధమూ ఆడాడు.

మాస్టారు తలెత్తి, కేకేసినవాణ్ణి వెతికి పట్టుకుని సూటిగా చూశాడు.

"అవునయ్యా. మా అమ్మే" అన్నాడు. "ఇంకేమైనా అడగాలా?"

హాల్లో ఒక్క చుక్క రాల్చని టైలరమ్మ, అన్నయ్య చెయ్యి పట్టుకుని నడివీధిలో భోరున ఏడ్చింది.