గుమ్మంలో పిలిచిన పేరు

పొద్దున్నే బంగాళాదుంపల తొక్క తీస్తున్న యుడోసియా చేతిలో కత్తి ఆగిపోయింది. గుండె మళ్ళీ పరుగందుకుంది. బయట గడ్డి మీద మంచు ఇంకా కరగలేదు, ఆమె మెడ వెనక మాత్రం చెమట.

"మొదలైందా?" పొయ్యి దగ్గర్నుంచి అత్తగారు సతుర్నినా అంది. "ఆ రోజు నీ కూతురు పెట్టిన బెదురు! నీ ప్రాణం ఇంకా ఆ గుమ్మంలోనే ఉంది."

కూతురు నిల్దా నిమ్మాకు కషాయం గ్లాసు తల్లి చేతిలో పెట్టి పక్కకి జరిగింది.

ఏడాది క్రితం ఆ గుమ్మంలోనే నిల్దా అరిచింది, రోములో అనే అబ్బాయిని పెళ్ళాడి సముద్రం ఒడ్డునున్న ఇలో అనే ఊరికి వెళ్ళిపోతానని. ఆ వారమే తల్లికి గుండెదడ పట్టుకుంది. బెదిరిన మనిషి ప్రాణం బెదిరిన చోటే ఉండిపోతుందని వాళ్ళ నమ్మకం. దాన్ని రప్పించాలంటే ఆ మనిషి రవిక అక్కడ పరిచి, పేరు పెట్టి పిలిచి, మళ్ళీ తొడగాలి. నిల్దా ఎన్నిసార్లు పిలిచిందో! దడ తగ్గలేదు. చివరికి ఆ అబ్బాయికి పెళ్ళి వద్దని కబురు పంపింది. వచ్చే ఆదివారం అతని పెళ్ళి, ఇంకో అమ్మాయితో.

"నిన్న పట్నంలో డాక్టరమ్మ పరీక్షలన్నీ చేసిందత్తా," యుడోసియా ఊపిరి కూడదీసుకుంది. "గుండెలో లోపం లేదంది. ముట్లు ఆగిపోయే వయసులో కొందరికి ఇలా దడ వస్తుందట. కళ్ళు తిరిగితే మాత్రం వెంటనే రమ్మంది."

"అది డాక్టరమ్మే చెప్పాలా? నీ వయసులో నాకూ ఇలాగే కొట్టుకునేది. దానంతటదే పోయింది."

మాట అన్నాక గాని నోరు జారానని ముసలామెకి తెలియలేదు.

నిల్దా తలెత్తింది. "నీకు తెలుసా నానమ్మా?"

ముసలామె పొయ్యి వైపు తిరిగింది.

"తెలిసే, నన్ను అమ్మ ప్రాణం తీసేదాన్ని చేశావా?"

"ఏం చెయ్యనే మరి! నా కొడుకుని గని మింగింది. నువ్వెళితే మీ అమ్మా నీ వెనకే పోతుంది. నా మంచం పక్కన ఎవరుంటారు?"

"ఒక్క మాట అడగాల్సింది కదే ముసలీ! నిన్నూ తీసుకెళ్దామనే అనుకున్నాం. నీకోసం ఆ అబ్బాయి గది కూడా చూశాడు."

సతుర్నినా పావడా అంచు నోట్లో కుక్కుకుంది.

యుడోసియాకి అత్త మీద కోపం రాలేదు. కూతురు వెళ్ళనందుకు ఈ ఏడాదంతా లోలోపల హాయిగానే ఉంది తనకి. అందుకే ఒక్కసారీ అడగలేదు, ఎందుకు ఆగిపోయావని.

లేచి, దండెం మీద నుంచి నిల్దా రవిక తీసింది. గుమ్మంలో పరిచి మోకాళ్ళ మీద కూర్చుంది.

"నిల్దా! రా తల్లీ! అక్కడ ఉండిపోకు. నీ తప్పేం లేదు. రా!"

వెనకనుంచి ముసలి గొంతు అందుకుంది. "రావే నిల్దా! నన్ను తిట్టడానికైనా రా!"

ఏడాదిగా ఏడవని పిల్ల ఒక్కసారిగా భోరుమంది. తడి ఆరని ఆ రవికనే తొడుక్కుని, తల్లి ఒళ్ళో తల పెట్టింది.

"వచ్చానమ్మా."

యుడోసియా గుండె ఇంకా దడదడలాడుతూనే ఉంది. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు, ఆమె కూడా.