కోడలు చెప్పని మాటలు

పొయ్యి మీద పాలు పొంగేలోపు రెండు పేరాలు చెప్పేసేది కోడలు. అవును, చెప్పడమే! కలం పట్టుకుని కూర్చునే తీరిక ఆ ఇంట్లో ఎవరిచ్చారు గనక? వంటగదికీ అత్తగారి గదికీ మధ్యనున్న కిటికీ గట్టు మీద ఫోను నిలబెట్టి, గిన్నెలు తోముతూ కథ చెప్తే అదే టైపు చేసుకునేది. తిరిగి చదువుకునేలోపే పక్కగదిలో అత్తగారి పిలుపు గంట మోగేది. ఉన్నదున్నట్టు కథల సైట్లో పెట్టేసి పరుగెత్తేది.

ఒకప్పుడు అత్తగారు నోరు తెరిస్తే వీధి వీధంతా ఉలిక్కిపడేది. అందరూ ఆవిణ్ణి మైకమ్మ అనేవాళ్ళు. పక్షవాతం వచ్చి ఎనిమిది నెలలు. చెయ్యి కాస్త కదిలింది గానీ నోట మాట లేదు. మాటలు నేర్పడానికి వచ్చిన డాక్టరమ్మ ముందు పెదవులు బిగించి మొహం గోడకి తిప్పేసుకుంది. ఆ ఎనిమిది నెలల్లో కోడలు గుమ్మం దాటి ఎరగదు. నాలుగు గోడలూ రోజురోజుకీ దగ్గరికి జరుగుతున్నట్టుండేది. ఆ కథలే ఆమెకి ఊపిరి.

ఆ ఉదయం డ్యూటీ దిగి వచ్చిన కండక్టరు మొగుడు, వస్తూనే ఫోను ఆమె మొహం ముందు పెట్టాడు.

"ఇది నువ్వు రాసిందేనా? మన ఇంటి సంగతేనని డిపోలో అందరూ పట్టేశారు. మంచాన పడ్డ అత్త, గదిలో మగ్గిపోయే కోడలు! మా అమ్మని బజారుకెక్కిస్తావా?"

"పేర్లేం లేవండీ అందులో..."

"పేర్లొక్కటే తక్కువ! ఇప్పుడే తీసెయ్. ఇకమీద కథలూ లేవు, కాకరకాయలూ లేవు."

కోడలి కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి. "అదీ లేకపోతే ఈ ఇంట్లో నేనెలా బతకనండీ?"

"పోనీ రాతైనా సరిగ్గా ఏడ్చిందా? విను!" వెటకారంగా చదివాడు. "'ఆమె కిటికీ తెరిచింది. కిటి కిటికీ. చల్లగాలి వచ్చింది. గాలి గాలి వచ్చి.' ఏమిటిది, నత్తి కథా?"

కోడలు ఫోను లాక్కుని చూసింది. "ఈ రెండోసారి మాటలు నేను చెప్పలేదండీ."

"నువ్వు కాకపోతే గోడలు చెప్పాయా?"

అంతే, ఇద్దరి చూపూ ఒక్కసారే కిటికీ అవతలికి పోయింది. మంచం మీద అత్తగారు, తప్పు చేసి దొరికిపోయిన చిన్నపిల్లలా దుప్పటి మొహం మీదికి లాక్కుంటోంది.

కండక్టరు పరుగున వెళ్ళి మంచం పక్కన కూలబడ్డాడు. "అమ్మా! నువ్వేనా? కథ వింటూ మాటలు పలుకుతున్నావా? మాకెందుకు చెప్పలేదమ్మా?"

ఆవిడ పెదవులు చాలాసేపు పెనుగులాడాయి. "సి... సిగ్గు."

మైకమ్మకి మాట వంకరగా వస్తోందని సిగ్గట! కొడుకు భోరుమన్నాడు.

అత్తగారు తడుముకుని కోడలి చెయ్యి దొరకబుచ్చుకుంది. "త... తర్వాత?"

"తర్వాతది రావట్లేదత్తయ్యా. కిటికీ తెరిచాక ఆమె బయటికెళ్ళాలి. బయట ఎలా ఉంటుందో నాకే గుర్తులేదు," అంటూ కోడలు వెక్కి వెక్కి ఏడ్చింది.

కండక్టరు కళ్ళు తుడుచుకుని, కుర్చీ మంచం దగ్గరికి జరుపుకుని కూర్చున్నాడు. "అమ్మ దగ్గర నేనుంటాను. నువ్వెళ్ళు. సాయంత్రం దాకా రాకపోయినా ఫరవాలేదు."

"ఎక్కడికండీ?"

అతను నోరు తెరిచేలోపే మంచం మీంచి జవాబొచ్చింది.

"చూ... చూసొచ్చి... చెప్పు."